పులి ఎందుకు నమ్మింది?

పిల్లలడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కంటే నవల రాయడం సులభం. నవలలో అయితే ఎటూ తోచనప్పుడు అధ్యాయం మార్చేసి హీరోయిన్ని రైలెక్కించవచ్చు. పిల్లల దగ్గర ఆ పప్పులుడకవు.

మొన్న వేసవి సెలవులకు మా చెల్లెలి కూతురు ఘనపూర్ వచ్చింది. ఏడేళ్ళ పిల్ల. రాత్రి కరెంటు పోతే అందరం డాబా మీద చాపలేసుకుని పడుకున్నాం. కథ చెప్పమంది. మా అమ్మమ్మ నాకు చెప్పిన ఆవు-పులి కథే చెప్పాను. మేతకెళ్ళిన ఆవును పులి పట్టుకోవడం, ఇంటి దగ్గర పాలు తాగే దూడ ఉంది, ఒక్కసారి వెళ్ళి దాని కడుపు నింపి, నాలుగు బుద్ధులు చెప్పి వస్తాను, తర్వాత నన్ను తిందువుగాని అని ఆవు బతిమాలడం, పులి సరేననడం, ఆవు అన్నమాట ప్రకారం తిరిగి రావడం... తెలుగువాళ్ళకు ఈ కథ కొత్తగా చెప్పాలా! 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన నాటినుంచీ మన ఇళ్ళల్లో తల్లులు చెబుతూనే ఉన్నారు. మాట తప్పకూడదమ్మా అని చివర ఒక ముక్క తగిలించడం కూడా ఆనవాయితీయే. నేనూ తగిలించాను.

పిల్ల కాసేపు చుక్కలు చూస్తూ పడుకుని, "పెద్దమ్మా, పులి ఎందుకు నమ్మింది?" అంది.

"ఆవు ఒట్టేసింది కదే!"

"ఒట్టు ఎవరైనా వేస్తారు. హోంవర్కు అయిపోయిందని నేను మా అమ్మ మీద వెయ్యలేదూ? ఆవు రాకపోతే పులి ఆకలితో చచ్చిపోయేది కదా!"

నిజమే సుమండీ. ఇన్నేళ్ళుగా ఈ కథ వింటున్నాం, చెబుతున్నాం. మెచ్చుకున్నదంతా ఆవునే. మొదట నమ్మింది పులి అన్న సంగతి ఒక్కరికీ తట్టినట్టు లేదు. నోటి దగ్గరికొచ్చిన ఆహారాన్ని, జామీను లేకుండా, సాక్షి సంతకం లేకుండా, వట్టి మాట మీద వదిలిపెట్టింది. అది తిరిగి రావడం తర్వాతి సంగతి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఉక్కపోతవల్ల మాత్రం కాదు. సరిగ్గా ఇదే ప్రశ్న 2017లో మా ఇంటి గుమ్మంలోకి వచ్చింది. అప్పుడు నేను పులిపాటి కూడా చెయ్యలేదు.

మా ఇంట్లో అంట్లు తోమి, ఇల్లూడ్చే మనిషికి ఒక్కడే కొడుకు. మొగుడు పోయాక వాణ్ణి పదో తరగతి దాకా చదివించింది. తర్వాత వాళ్ళ మేనమామ వెంట భివండి వెళ్ళిపోయాడు. మా వైపు నేత కుటుంబాలవాళ్ళు భివండికి, సూరత్‌కు, షోలాపూర్‌కు పోవడం ఈనాటిది కాదు. భివండిలో పద్మానగర్ అని ఒక పేట పేటంతా తెలుగువాళ్ళే. సాంచాల మీద పని. రాత్రీ పగలూ ఆ చప్పుడులోనే బతుకు. వాడు ఏడాదికోసారి బతుకమ్మ పండగకు వచ్చి, తల్లికో చీర, మా పిల్లాడికి ఏదో ఒక బొమ్మా తెచ్చేవాడు. 22 ఏళ్ళుంటాయేమో అప్పటికి.

ఆ ఏడు పండగ రోజుల్లోనే మా వెనక వీధిలో ఒకరింట్లో గొలుసు పోయింది. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళెవరూ అని పోలీసులు ఆరా తీశారు. ఊళ్ళోనే పుట్టినా, పై ఊరినుంచి వచ్చాడు గనక వీడు కొత్తవాడయ్యాడు. పట్టుకెళ్ళారు. గొలుసు దొరకలేదు. బెయిలు కోసం అర్జీ పెడితే మొదటిసారి కొట్టేశారు. ఇతను ఉండేది మహారాష్ట్రలో, సొంత ఇల్లూ వాకిలీ లేవు, వదిలితే పారిపోతాడు, మళ్ళీ దొరకడు అన్నది పోలీసుల వాదన. రెండోసారి ఇచ్చారు. కానీ స్థానికులైన ఇద్దరు జామీనుదార్లు, ఒక్కొక్కరూ 20,000 రూపాయలకు పూచీ పడాలి. ఇంటి పన్ను రసీదో, పొలం పాసుపుస్తకమో చూపించాలి.

బెయిలిచ్చి కూడా ఇవ్వనట్టే అయింది. వాళ్ళుండేది అద్దె గది. చుట్టాలూ అదే బాపతు. ఆ సాయంత్రం ఆమె మా గుమ్మంలో నిలబడి, కొంగు చేతికి చుట్టుకుంటూ అడిగింది. "అమ్మా, నా కొడుక్కు జమానతు పడుర్రి. మీ ఇల్లు ఉన్నది గద. వాడేడికి పోతడమ్మా, నేనీడ ఉన్నంక?"

"మావారితో మాట్లాడి చెబుతాలే" అన్నాను.

ఈ మాట మన ఆడవాళ్ళకు ఎంత చక్కగా పనికొస్తుందో మీకు వేరే చెప్పాలా! పట్టుచీర కొనేటప్పుడు గుర్తుకురాని మావారు, చీటీ డబ్బులడిగేవాళ్ళు రాగానే ఇంటి పెద్ద అయిపోతారు. ఆ రాత్రి ఆయనతో చెబితే పేపరు దించకుండానే, "ఇల్లు నీ పేరనే ఉంది. సంతకం నీదే. నన్నెందుకు అడుగుతావు?" అన్నారు. ఇల్లు మా నాన్న నా పేర రాసింది లెండి. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. దాక్కోవడానికి నాకు గోడ లేకుండా పోయింది, అంతే.

నాలుగు రోజులు తలనొప్పన్నాను. వారం రోజులు రసీదు కనపడటం లేదన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు. రోజూ వచ్చి అంట్లు తోమి వెళ్ళేది. ఆ వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో మాట వినపడని రోజులవి. అది నిశ్శబ్దమా, శిక్షా అంటే నాకే వేశారనుకోండి శిక్ష.

నేనేమీ రాయిలాంటి దాన్ని కాను. రోజూ ఆమెతో కాఫీ తాగే మనిషినే. నా భయమల్లా ఒక్కటే. వాడు పారిపోతే? నా ఇల్లు పోతుందేమో! నా పేరు కోర్టులో పిలుస్తారేమో! తర్వాత ఒక తెలిసిన లాయరుగారిని అడిగి తెలుసుకున్నాను. ముద్దాయి రాకపోతే కోర్టు జామీనుదారుకు నోటీసిస్తుంది. కారణం చెప్పుకోవచ్చు. నచ్చకపోతే ఆ పూచీ సొమ్ము, అంటే ఆ 20,000, కట్టమంటుంది. అందులో కొంత తగ్గించే అధికారం కూడా ఉంది. కట్టకుండా మొండికేస్తేనే జప్తులూ, సివిలు జైలూ. నా ఇంటి మీదికి ఎవరూ వచ్చేవారు కాదు. ఈ సంగతి ముందే కనుక్కోవచ్చు గదా అంటారేమో. కనుక్కుంటే సంతకం పెట్టాల్సి వస్తుంది. అంచేత కనుక్కోలేదు.

చివరికి వాడికి జామీను ఎవరు పడ్డారో తెలుసా? స్టేషను రోడ్డులో కూరగాయలమ్ముకునే ఒక ముసలామె, 20 గుంటల పొలం పాసుపుస్తకం పట్టుకుని. రెండో సంతకం రైల్వేలో గ్యాంగుమేనుగా చేసి రిటైరైన పెద్దమనిషిది. ఆమె వాణ్ణి చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించిందట. ఆయనకు వాళ్ళ నాన్న తెలుసట. ఈ ఊళ్ళో వాడికి వేళ్ళున్నాయని ఆ ఇద్దరూ అన్నారు. ఇద్దరి ఆస్తీ కలిపినా మా ముందుగది విలువ చెయ్యదు.

లోపల వాడు 40 రోజులకు పైనే ఉన్నాడు. ఈలోగా భివండిలో సేఠు వాడి సాంచాల మీద మరొకణ్ణి పెట్టుకున్నాడు. వాడు మళ్ళీ పని వెతుక్కున్నాడు. ఆ తర్వాత ఏడాదిన్నర పైగా, పిలిచినప్పుడల్లా పేషీకి వచ్చాడు. కల్యాణ్‌లో రాత్రి బండెక్కి, సికింద్రాబాదులో దిగి, అక్కణ్ణుంచి కాజీపేట వైపు బండి పట్టుకుని. ప్రతి పేషీకీ మూడు రోజుల కూలీ, దారి ఖర్చులూ పోయేవి. ఒక్కసారి బండి ఆలస్యమై కోర్టుకు అందలేదు. వెంటనే వారంటు. తల్లి పరుగెత్తుకెళ్ళి, రైలు టికెట్టు చూపించి, ఏడ్చి రద్దు చేయించుకొచ్చింది. కాగితాల్లో ఆ ఒక్కరోజు వాడు 'హాజరు కాని ముద్దాయి'. నిజానికి ఆ రోజు కూడా వాడు కోర్టు వైపే వస్తున్నాడు, దూరంగా పోవడం లేదు!

కేసు కొట్టేశారు. సాక్ష్యం లేదన్నారు. గొలుసు ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. వాడే తీశాడేమో కూడా, నేను ఒట్టేసి చెప్పలేను. ఈ మాట ఎందుకంటున్నానంటే, వాడు అమాయకుడు గనక బయట ఉండాల్సిందని నేను వాదించడం లేదు. దొంగో దొరో తేలకముందు ఎక్కడుండాలన్నదే ప్రశ్న.

తీర్పుకు ముందు ఒక మనిషిని లోపల ఉంచడానికి చట్టం చెప్పే కారణాలు కొన్నే. సాక్షుల్ని బెదిరిస్తాడని, మళ్ళీ నేరం చేస్తాడని, పారిపోతాడని. మొదటి రెండింటి జోలికి నేను పోను, అవి వేరే రామాయణం. మూడోదే నా గుమ్మంలో నిలబడింది. పారిపోతాడన్న మాటలో ఒక చిత్రముంది. అది జరిగినదాని గురించి చెప్పే మాట కాదు, జరగబోయేదాని గురించిన ఊహ. మనిషి ఏం చేశాడన్నది రుజువు చెయ్యమని కోర్టు అడుగుతుంది. ఏం చేస్తాడన్నదానికి మాత్రం చాలాసార్లు అతని చిరునామా చూసి సరిపెట్టేసుకుంటారు. 1977 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ బాధే వెళ్ళబోసుకున్నారు. బెయిలా, జైలా అన్నది చాలావరకు జడ్జిగారికి ఆ పూట మనసులో ఏం తోచిందన్న దాని మీద ఆధారపడుతోందని, దానికే 'విచక్షణ' అని పేరు పెట్టుకున్నామనీ!

ఆ మరుసటి ఏడాదే, 1978 ఆగస్టులో, ఆయన ముందుకే మోతీరాం అనే మధ్యప్రదేశ్ తాపీ పనివాడి కేసు వచ్చింది. సుప్రీంకోర్టే బెయిలిమ్మంది. కింది కోర్టు 10,000 రూపాయల జామీను అడిగింది. అన్న వస్తే, ఆయన ఆస్తి పక్క జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. కృష్ణయ్యర్‌గారికి ఒళ్ళు మండింది. బస్తరులోనో, పోర్ట్ బ్లెయిర్‌లోనో, చాందినీ చౌకులోనో అరెస్టయిన ఒక మలయాళీ, కన్నడిగుడు, తమిళుడు, తెలుగువాడు ఆ ఊళ్ళో ఆస్తిపరులైన జామీనుదార్లను ఎక్కణ్ణుంచి తెస్తాడు అని అడిగారు. 1,000 రూపాయల సొంత పూచీ మీద వదలమన్నారు. ఆ తెలుగువాడు అన్న ముక్క దగ్గర నాకు ఎప్పుడూ భివండి బండే గుర్తొస్తుంది. మా వాడి సంగతి ఇంకా విడ్డూరం. పుట్టిన ఊళ్ళోనే పరాయివాడయ్యాడు.

1979లో బీహారు జైళ్ళ సంగతి బయటపడింది. హుస్సేనారా ఖాతూన్ కేసు. నేరం రుజువైతే పడే శిక్షకంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే గడిపేసినవాళ్ళున్నారు అందులో. జామీను కట్టలేకపోవడమే చాలామంది చేసిన తప్పు. జస్టిస్ భగవతి అప్పుడొక మంచి మాట చెప్పారు. మనిషి పారిపోతాడో లేదో చూడాలంటే వాడి డబ్బు చూడకండి, ఊళ్ళో ఎన్నాళ్ళుగా ఉన్నాడు, పని ఏమిటి, కుటుంబమెవరు, వాడి గురించి చెప్పేవాళ్ళెవరు అన్నది చూడండని. ఇంత పెద్ద తీర్పులో ఉన్నదీ, మా పనిమనిషి కొంగు చేతికి చుట్టుకుంటూ అన్నదీ ఒక్కటే. నేనీడ ఉన్నంక వాడేడికి పోతడు?

ఈ ఆలోచన కూడా గాల్లోంచి పుట్టలేదు. న్యూయార్క్ నగరంలో 1961లో కొందరు ఒక ప్రయోగం చేశారు. అరెస్టయిన వాళ్ళ దగ్గరికెళ్ళి ఇల్లూ, పనీ, చుట్టాల గురించి అడిగి, ఈ ఊళ్ళో వేళ్ళున్న మనిషే అనిపిస్తే, డబ్బు కట్టించుకోకుండా వదలమని జడ్జికి చెప్పేవారు. మొదటి మూడేళ్ళలో అలా 3,500 మందిని వదిలితే, కావాలని ఎగ్గొట్టినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా లేరు.

మరి మనకెందుకు అందరూ పారిపోయేవాళ్ళలాగే కనిపిస్తారు? నాకొకటి తోస్తుంది. బెయిలిచ్చాక ఒకడు పారిపోయాడనుకోండి, ఊరందరికీ తెలుస్తుంది. పేపర్లో వస్తుంది. ఇచ్చిన జడ్జినీ, జామీను పడ్డ మనిషినీ అందరూ తిడతారు. బెయిలివ్వకుండా లోపలుంచిన మనిషి, వదిలి ఉంటే బుద్ధిగా ప్రతి పేషీకీ వచ్చేవాడే అనుకోండి, ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? వాడికీ వాళ్ళమ్మకీ తప్ప? ఒకవైపు తప్పు చేస్తే చివాట్లు, రెండోవైపు తప్పు చేస్తే ఎవరికీ అయిపు ఉండదు. అందుకే అందరం రెండోవైపు తప్పే చేస్తాం. నేనూ అదే చేశాను.

పారిపోవడమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది విజయ్ మాల్యా, నీరవ్ మోదీ. ఒకాయన 2016 మార్చిలో, ఇంకొకాయన 2018 జనవరిలో విమానమెక్కి వెళ్ళిపోయారు. గమ్మత్తేమిటంటే వాళ్ళిద్దరూ ఇక్కడ బెయిలు మీద ఉండి పారిపోలేదు. అరెస్టు కాకముందే దర్జాగా వెళ్ళారు. ఆ ఉసురు తర్వాత వచ్చినవాళ్ళందరికీ తగిలింది. 2019లో చిదంబరంగారి కేసులో ఇతరులు పారిపోయారు గనక ఈయనకూ బెయిలివ్వద్దని సి.బి.ఐ. వాదిస్తే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఎవరో పారిపోయారని ఇంకొకరిని లోపల ఉంచడమేమిటి, ఎవరి సంగతి వాళ్ళది చూడాలంది. పెద్దవాళ్ళ విషయంలో చెప్పినా, మాట మాత్రం భివండి కుర్రాళ్ళకూ వర్తించేదే.

ఒకరోజు సరదాకి లెక్క వేశాను. మా ఇంట్లో పాస్‌పోర్టులు మూడు. మా అబ్బాయి చికాగోలో ఎం.ఎస్. చదువుతున్నాడు. మావారి అన్నగారి పిల్లలు సిడ్నీలో ఉన్నారు. బ్యాంకులో నాలుగు రూపాయలున్నాయి. పారిపోవడానికి కావలసిన సరంజామా అంతా మా దగ్గరుంది! అయినా నన్ను చూసి ఏ ఇన్‌స్పెక్టరూ ఈవిడ పరారవుతుందనుకోడు. ఆ కుర్రాడి దగ్గరున్నది జనరల్ బోగీ టికెట్టు.

చిరునామా సంగతి కూడా చెప్పాలి. మా ఊరు స్టేషన్ ఘనపూర్. మా పాత వరంగల్ జిల్లాలోనే ములుగు వైపు ఇంకో ఘనపూర్ ఉంది, కాకతీయుల నాటి కోటగుళ్ళు ఉన్నది అక్కడే. 2016లో జిల్లాలు విడగొట్టాక మాది జనగామలోకీ, అది భూపాలపల్లిలోకీ వెళ్ళాయి. ఒకసారి ఒక పత్రికవారు నాకు పంపిన పుస్తకాల కట్ట ఆ ఘనపూర్‌కు వెళ్ళి, నెల్లాళ్ళకు తిరిగొచ్చింది, 'ఈ పేరుగలవారు లేరు' అని రాసి. అదే కోర్టు నోటీసయితే ఆ నెల్లాళ్ళూ నేను పరారీలో ఉన్నట్టే గదా!

ఊరి మాట వచ్చింది గనక ఇంకో మనిషిని తలుచుకోకుండా ఉండలేను. మాకు దగ్గరలోనే చిన్న పెండ్యాల. వరవరరావుగారు పుట్టిన ఊరు. ఆయన రాజకీయాలతో నాకు పొత్తు లేదు, వాటి మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు. కానీ ఈ పారిపోయే విషయంలో ఆయన కథ నన్ను తికమక పెడుతుంది. 1985లో, సికింద్రాబాదు కుట్ర కేసులో బెయిలు మీద బయట ఉన్న మనిషి, వరంగల్లులో డాక్టరు రామనాథంగారి హత్య జరిగాక తన ప్రాణానికీ ముప్పుందని, తన బెయిలు తానే రద్దు చేయించుకుని జైలుకు వెళ్ళారు. 1989 దాకా అక్కడే. ఆ కేసు చివరికి కొట్టేశారు. అలాంటి మనిషిని 2018లో భీమా కోరేగావ్ కేసులో పట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో, 80 ఏళ్ళ వయసులో, ఆరోగ్యం పాడయ్యాక గాని బొంబాయి హైకోర్టు బెయిలివ్వలేదు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, అనుమతి లేకుండా బొంబాయి దాటకూడదన్న షరతు మీద. అప్పటికి అభియోగాలు కూడా ఖరారు కాలేదు. ఆ కేసు నిజానిజాలు కోర్టు తేల్చాలి. నేననేది, కర్ర పట్టుకుని నడిచే మనిషిని సైతం కాళ్ళున్నవాడిగానే చూస్తామా అని.

ఇంతవరకూ చదివి మీలో కొందరు మూతి ముడుస్తూనే ఉంటారు, నాకు తెలుసు. మా పిన్నిగారయితే మొహం మీదే అడిగారు. "ఎన్నారై అల్లుడు పిల్లని చావగొట్టి, కేసు పెట్టగానే విమానమెక్కి చెక్కేస్తే? వాడికీ ఇమ్మంటావా నీ బెయిలు?"

తేలిక ప్రశ్న కాదు. అటువంటి పిల్లల్ని మీరూ చూశారు, నేనూ చూశాను. ఏళ్ళ తరబడి సమన్లు సముద్రాలు దాటుతూనే ఉంటాయి. కానీ పిన్నిగారూ, వాడు పారిపోయే దారి విమానం. విమానానికి కావలసింది పాస్‌పోర్టు. అది కోర్టులో పెట్టుకోండి. విమానాశ్రయాలకు ముందే కబురు పంపండి, అందుకు లుకౌట్ సర్క్యులరు అని ఉంది. వారం వారం స్టేషనులో సంతకం పెట్టమనండి. వాడి తండ్రి చేత పెద్ద మొత్తానికి పూచీ పెట్టించండి, ఉన్నవాడే గదా! పశువును కట్టెయ్యాలంటే పలుపు చాలు, కాళ్ళు విరగ్గొట్టనక్కరలేదు. ఏ పలుపైనా తెంపుకుపోయేవాడు, ఒకసారి నిజంగానే పారిపోయి పట్టుబడినవాడు, ఉంటాడు. అటువంటివాణ్ణి లోపలుంచమంటే నేను అడ్డు రాను. మా అబ్బాయి ఉంటున్న ఇల్లినాయి రాష్ట్రంలో 2023 సెప్టెంబరు నుంచి డబ్బు జామీనులే ఎత్తేశారు. అక్కడా కావాలని పారిపోయే మనిషిని ఉంచుకోవచ్చు. కాకపోతే అతడు పారిపోతాడని ప్రభుత్వం గట్టిగా రుజువు చెయ్యాలి. పారిపోనని రుజువు తెచ్చుకోవడం అతని పని కాదు. నాకది నచ్చింది.

మన దగ్గరా ఏమీ జరగడం లేదని కాదు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, పడే శిక్షలో మూడోవంతు కాలం లోపలే గడిపేస్తే బెయిలు మీద వదలాలని 2024 జూలై నుంచి వచ్చిన కొత్త చట్టంలో ఉంది, యావజ్జీవం, ఉరి పడే నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకూ తప్ప. బెయిలొచ్చి వారమైనా బయటికి రాలేక ఆగిపోయినవాళ్ళ సంగతి న్యాయసేవా సంస్థకు తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు జైళ్ళకు చెప్పింది. మా వాడి రోజుల్లో అది ఉంటే, వాళ్ళమ్మ నా గుమ్మం ఎక్కాల్సిన పని ఉండేది కాదేమో. అయినా 2022 చివరి లెక్క చూడండి. దేశంలో జైళ్ళలో ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మంది ఇంకా తీర్పు రానివాళ్ళు. ప్రతి నలుగురిలో ముగ్గురు. వీళ్ళంతా పారిపోయే మనుషులే అయితే, ఇంత పారిపోయే జాతి ప్రపంచంలో ఇంకోటి ఉండదు!

ఆ కుర్రాడికి ఇప్పుడు పెళ్ళయింది. ఒక పాప. భివండిలోనే ఉన్నాడు. మా పనిమనిషి మానలేదు, మా ఇంటికే వస్తోంది. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఒకట్రెండుసార్లు నోటిదాకా వచ్చింది గాని, ఏమని మొదలుపెట్టను? ఆమె కూడా పాత మనిషి, నా మొహం చూసి, "బియ్యం అయిపోయినయమ్మా" అని మాట మార్చేసింది.

డాబా మీద కథ చెప్పిన మూడో రోజు ఆమె గిన్నెలు బోర్లిస్తూ, ఎవరితోనో అన్నట్టు చెప్పింది. చెల్లెలి కొడుకు, హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడు, ఊళ్ళో ఏదో కొట్లాటలో ఇరుక్కున్నాడు. బెయిలొచ్చింది. ఒక జమానతు దొరికింది. నన్నేమీ అడగలేదు. చెప్పి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోబోయింది.

"రేపు పొద్దున ఎన్ని గంటలకు?" అన్నాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "పదింటికి" అంది.

ఆ రాత్రి బీరువా అంతా కిందా మీదా పడేశాను. ఈసారి ఇంటి పన్ను రసీదు నిజంగానే కనపడలేదు. మా చెల్లెలి కూతురు వచ్చి పక్కన చేరింది. ఏం వెతుకుతున్నావంది. చెప్పాను.

"అతను రాకపోతే?"

"20,000 కట్టాలి."

"నీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయి."

"అయితే పులికంటే నీకు నయమే" అని, స్టూలు లాక్కొచ్చి పై అర వెతకడం మొదలుపెట్టింది. రసీదు చివరికి ఒక పాత దీపావళి సంచిక మడతల్లో దొరికింది.